వీసా తేలేవరకు హైదరాబాద్‌లో: తిరిగివచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లయ్యాక ఒకరు అమెరికాలో, ఒకరు ఇక్కడ ఉండిపోయిన జంటల కోసం ఈ పేజీ. బెంగళూరులోనో పుణేలోనో దుబాయిలోనో చేస్తున్న ఉద్యోగం మానేసి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, వీసా వచ్చేదాకా అమ్మానాన్నల దగ్గర ఉందామని హైదరాబాద్‌కు వచ్చినవారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నేనూ అలాగే బెంగళూరు వదిలి వనస్థలిపురం వచ్చి, మా ఆయన వేసిన దరఖాస్తు తేలేవరకు ఇక్కడే పనిచేశాను. నేను న్యాయవాదిని కాను, ఆడిటర్‌ను కాను. రుసుములూ నిబంధనలూ మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు, సంతకం పెట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆనాటి వివరం సరిచూసుకోండి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వీసా వచ్చే నెలే వస్తుందన్నట్టు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. రెండేళ్లదాకా రాదన్నట్టు ఉద్యోగం చూసుకోవాలి. కింది జవాబులన్నీ ఆ ఆలోచనతో రాసినవే.

మా వీసాకు ఎంతకాలం పడుతుంది?

ముందు మీది ఏ దారో తెలుసుకోండి. ‘డిపెండెంట్ వీసా’ అనే ఒక్క మాటతో మనవాళ్లు మూడు వేర్వేరు సంగతులు చెబుతుంటారు.

మీ భాగస్వామి హెచ్-1బీ మీద ఉంటే మీకు హెచ్-4 వస్తుంది. దీనికి ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, రుసుము కట్టాక అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, వాటిని అందరికీ కనిపించేలా ఉంచమంటున్నారు. ఆ పరిశీలన మొదలైనప్పుడు చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి.

భాగస్వామి అమెరికా పౌరులైతే వారు మీ కోసం ఐ-130 దరఖాస్తు వేస్తారు. దీనికీ సంఖ్యా పరిమితి లేదు. దరఖాస్తు ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది, అక్కడ రుసుములు, వలస వీసా దరఖాస్తు అయిన డీఎస్-260, ఆర్థిక హామీ పత్రమైన ఐ-864, ధ్రువపత్రాలు పూర్తయ్యాక ఇంటర్వ్యూ తేదీ ఇస్తారు.

భాగస్వామికి గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే అదే ఐ-130, అవే మెట్లు. కానీ మీరు ఎఫ్2ఏ అనే వర్గంలోకి వస్తారు. ఈ వర్గానికి వార్షిక పరిమితి ఉంది కనుక వంతు కోసం ఆగాలి. మీ దరఖాస్తు అందిన తేదీయే మీ ప్రాధాన్య తేదీ. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లోని తేదీ మీ తేదీని దాటితే మీ వంతు వచ్చినట్టు. కొన్ని నెలలు ఆ తేదీ అంగుళం కదలదు. ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. అది చూసి కుంగిపోవద్దు, అందరికీ అలాగే జరుగుతుంది.

హెచ్-4 అయితే నెలల్లో ఆలోచించండి. ఐ-130 అయితే ఏడాది దాటుతుందనే అనుకొని ఏర్పాట్లు చేసుకోండి.

భారతీయులకు గ్రీన్ కార్డు రావడానికి దశాబ్దాలు పడుతుందంటారు. మాకూ అంతేనా?

ఆ మాట ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల గురించి. అక్కడ ఒక్కో దేశానికి పరిమితి ఉండటం వల్ల మనవాళ్ల వరుస చాంతాడంత పెరిగింది. భార్యాభర్తల ఎఫ్2ఏ సంగతి వేరు. ఆ వర్గం వీసాల్లో 75 శాతం దేశాలవారీ పరిమితితో సంబంధం లేకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అందుకే వీసా బులెటిన్‌లో ఎఫ్2ఏ వరుసలో మన దేశం తేదీ చాలా దేశాల తేదీతో సమానంగానే కనిపిస్తుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ‘పదేళ్లు పడుతుందమ్మా’ అంటే నమ్మి ఉద్యోగం, చదువు, పిల్లల ఆలోచన అన్నీ తారుమారు చేసుకున్నవాళ్లను చూశాను. బులెటిన్ మీరే చదవడం నేర్చుకోండి. పట్టిక చిన్నది, అర్థం కానిదేమీ ఉండదు.

ఇంకొకటి. గ్రీన్ కార్డు వచ్చి సాధారణంగా 5 ఏళ్లు నిండితే మీ భాగస్వామి పౌరసత్వానికి అర్హులవుతారు. మధ్యలో పౌరసత్వం వచ్చిన రోజే ఆ పత్రాన్ని పంపితే మీ దరఖాస్తు ఎఫ్2ఏ నుంచి పరిమితి లేని వర్గంలోకి మారుతుంది. పిల్లలుంటే ఇక్కడ జాగ్రత్త అవసరం. ఎఫ్2ఏలో తల్లి లేదా తండ్రి దరఖాస్తుతోపాటు పిల్లలూ వస్తారు. పౌరుల భార్య లేదా భర్త వర్గంలో అలా రారు, ఒక్కో బిడ్డకు విడిగా ఐ-130 వేయాలి.

ఈలోగా సందర్శక వీసా మీద వెళ్లి రావచ్చా?

అడగడానికి అడ్డులేదు, దొరకడం కష్టం. సందర్శక వీసా కోరేవారు శాశ్వతంగా ఉండిపోవడానికే వస్తున్నారని అధికారి ముందుగా అనుకోవాలని అక్కడి చట్టం చెబుతుంది. కాదని నిరూపించుకోవలసింది మీరే. పెండింగ్‌లో ఉన్న ఐ-130 మీకు ఎదురు సాక్ష్యం. దాని గురించి అడిగితే దాచవద్దు. అబద్ధం చెప్పి వీసా ప్రయోజనం పొందాలని చూసినట్టు తేలితే జీవితకాలపు నిషేధం పడవచ్చు.

అంతకన్నా భాగస్వామే ఇక్కడికి రావడం తేలిక. గ్రీన్ కార్డు ఉన్నవారు ఒకేసారి 6 నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి కావలసిన నివాస లెక్క తెగిపోయే ప్రమాదముంది, ఏడాది దాటితే గ్రీన్ కార్డుకే ముప్పు. తప్పనిసరైతే అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోనే అవుతుందా?

హెచ్-4 వంటి తాత్కాలిక వీసాలకు అవుతుంది. అమెరికా కాన్సులేట్ 2008 నుంచి బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలోకి మారింది. వేలిముద్రలు మాత్రం వేరే రోజున, వేరే కేంద్రంలో ఇవ్వాలి.

ఐ-130 మీద వచ్చే వలస వీసాలకు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉండదు, ముంబై వెళ్లాలి. మీ కేసు సంఖ్య ‘బీఎంబీ’ అక్షరాలతో మొదలైతే అది ముంబైకే. వైద్య పరీక్షకు, ఇంటర్వ్యూకు మధ్య వ్యవధి చూసుకొని ప్రయాణం పెట్టుకోండి. కొత్త ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే ఈ సెలవు అవసరం పడవచ్చు, దాన్ని దృష్టిలో ఉంచుకోండి.

కాగితాల్లో ముందు ఏది చూసుకోవాలి?

పేరు. మన తెలుగువాళ్లకు సగం తిప్పలు ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పేరు చివర తగిలిస్తారు, పెళ్లి ధ్రువపత్రంలో అత్తగారింటి పేరు చేరుతుంది. ఒకే మనిషికి నాలుగు పేర్లు! కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు మరో గడిలో పడి ఉంటుంది. అలాంటివారికి అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, జీతం పత్రం, అన్నిటా ఆ మూడక్షరాలే వెంటాడతాయి. దరఖాస్తు ముందుకు వెళ్లకముందే పాస్‌పోర్టులో సరిచేయించుకోవడం మేలు. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. నా మటుకు నేను మార్చుకోలేదు, వీసాకు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

పెళ్లి నమోదు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించండి. గుళ్లో ఇచ్చిన రసీదు, పెళ్లి ఫొటోలు దానికి ప్రత్యామ్నాయం కావు. భాగస్వామి ఇక్కడ ఉన్న నాలుగు రోజుల్లోనే ఆ పని ముగించాలి, లేకపోతే మళ్లీ విమానం టికెట్టు కొనాల్సివస్తుంది.

జనన ధ్రువపత్రం లేనివారు చాలామందే ఉన్నారు, ముఖ్యంగా ఊళ్లో ఇంటి దగ్గరే పుట్టినవారు. మీరు పుట్టిన చోటి మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకొని, దానికి పదో తరగతి మెమో, తల్లిదండ్రుల ప్రమాణపత్రాలు జత చేస్తారు. ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు. మీరు హైదరాబాద్‌లో ఉన్నా పుట్టింది నల్గొండలోనో కర్నూలులోనో అయితే అక్కడికే వెళ్లాలి.

పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవ ద్వారా వస్తుంది. 16 ఏళ్లు నిండాక వేరే దేశంలో ఏడాది, అంతకుమించి ఉంటే అక్కడి పోలీసు పత్రమూ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చినవారు అక్కడ ఉండగానే తెచ్చుకోవాలి. ఇక్కడికి వచ్చాక తెప్పించుకోవడం ఎంత శ్రమో తెలిసినవాళ్లకే తెలుసు.

పుట్టింట్లో ఉండాలా, అత్తగారింట్లో ఉండాలా, విడిగానా?

ఎవరినడిగినా ‘అందరితో సర్దుకుపోవాలి’ అని పైపైన చెప్పి వదిలేస్తారు. నేను సూటిగా చెబుతాను: ఉద్యోగం ఎక్కడ దొరికే వీలుందో, ఎక్కడ మీకు తలుపు వేసుకొని కూర్చునే ఒక గది ఉంటుందో అక్కడ ఉండండి. అది పుట్టిల్లయినా అత్తిల్లయినా సరే. రాత్రి పదకొండుకు భర్తతో మాట్లాడాలి, పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూకు హాజరు కావాలి. ఆ రెంటికీ గది కావాలి.

కొడుకు లేని ఇంట్లో కోడలు ఒక్కతే ఉండటం కొత్త పెళ్లికూతురికి బరువే. అత్తమామలు మంచివాళ్లయినా వాళ్ల దినచర్య వేరు, మీ దినచర్య వేరు. అలాగని అసలు వెళ్లకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. నాకు తెలిసిన జంటల్లో సాఫీగా జరిగినవాళ్లు ముందే ఒక ఒప్పందానికి వచ్చారు: పండగలు అత్తగారింట్లో, పని దినాలు పుట్టింట్లో. ఆ మాట చెప్పవలసింది మీరు కాదు, మీ ఆయన. అమెరికా నుంచి ఫోన్ చేసి ‘అమ్మా, తన ఉద్యోగం గచ్చిబౌలిలో, మన ఇల్లు మేడ్చల్ దాటాక. వారమంతా వాళ్లింటి నుంచి వెళ్తుంది, పండక్కి మన దగ్గరుంటుంది’ అని ఆయన చెబితే అది ఏర్పాటు. మీరు చెబితే అదే మాట ఫిర్యాదులా వినిపిస్తుంది.

విడిగా ఉండేటట్లయితే మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ చుట్టూ మహిళా హాస్టళ్లు కావలసినన్ని ఉన్నాయి. ఇల్లు అద్దెకు తీసుకుంటే 11 నెలల ఒప్పందమే రాయిస్తారు, మీ స్థితికి అది సరిపోతుంది. ముందుగా ఖాళీ చేయాల్సివస్తే ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలో ఒప్పందంలో చూసి సంతకం చేయండి.

తల్లిదండ్రుల ఇంట్లో ఉంటే ఇంటి ఖర్చులో ఎంతో కొంత ఇవ్వండి. వాళ్లు వద్దంటారు. కరెంటు బిల్లో పాల బిల్లో మీ పేర పెట్టుకోండి, దానికి కాదనరు.

ఎలాగూ వెళ్లిపోతాను కదా, ఉద్యోగం వెతకడం అవసరమా?

అవసరమే. జీతం ఒక్కదాని కోసం కాదు. ఖాళీగా ఉన్నవారికి ప్రతి ఉదయం కేసు స్థితి చూడడమే పనవుతుంది. అది మారదు. మధ్యాహ్నానికి భర్తకు ఫోన్ చేసి ‘లాయర్‌ని అడిగారా’ అంటారు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు. నెల తిరిగేసరికి ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి వీసా తప్ప వేరే విషయమే మిగలదు. ఆఫీసుకు వెళ్లేవాళ్ల ఇళ్లలో ఈ కలతలు తక్కువ.

పైగా అమెరికా వెళ్లాక మీ అనుభవంలో ఈ ఖాళీ గురించి అక్కడా అడుగుతారు. ముఖ్యంగా హెచ్-4 మీద వెళ్లేవారు గుర్తుంచుకోవాలి: హెచ్-4తో నేరుగా ఉద్యోగం చేయలేరు. భాగస్వామి గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది ఉండాలి లేదా హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి, అప్పుడే 2015 నుంచి అమల్లో ఉన్న పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే అక్కడికి వెళ్లాక ఇంకొన్ని ఏళ్లు ఇంట్లో కూర్చోవలసి రావచ్చు. ఇక్కడ పని చేయగలిగిన కాలాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఇంటర్వ్యూలో వీసా సంగతి చెప్పాలా?

దరఖాస్తులో రాయనక్కరలేదు. మొదటి ఫోన్ కాల్‌లో మీరే ఎత్తనక్కరలేదు. కానీ ‘మీ వారు ఎక్కడుంటారు’, ‘ఎన్నాళ్లుంటారు’ అని అడిగితే ఉన్నది చెప్పండి. హైదరాబాద్‌లో ప్రతి మేనేజరుకూ అమెరికాలో ఒక తమ్ముడో మరదలో ఉంటారు. మీ పరిస్థితి వాళ్లకు కొత్త కాదు. ‘దరఖాస్తు వేశాం, వంతు రావడానికి సమయం పడుతుంది, ఈ ప్రాజెక్టు మధ్యలో వదిలి వెళ్లను, నోటీసు కాలం పూర్తిచేసే వెళ్తాను’ అని చెబితే వినేవాళ్లున్నారు. నన్ను తీసుకున్న మేనేజరు ఈ మాటే విని తీసుకున్నారు. తిప్పి పంపినవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట చేరి దాచుకుంటూ గడపడం కన్నా అదే నయం.

ఒప్పంద పత్రంలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. నోటీసు కాలం 60 రోజులా, 90 రోజులా. చేరినప్పుడు ఇచ్చే బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా. కట్టాల్సి ఉంటే ఆ సొమ్ము ముట్టుకోకుండా పక్కన ఉంచండి.

వెంటనే చేరగలిగినవారి కోసం ఇక్కడి కంపెనీలు ఎదురుచూస్తాయి. బెంగళూరులో రాజీనామా చేసి వచ్చినవారికి అది పెద్ద అనుకూలత. పాత కంపెనీ రిలీవింగ్ లెటరు, జీతం స్లిప్పులు, ఫారం 16 దగ్గరుంచుకోండి. పీఎఫ్ ఖాతా సంఖ్య (యూఏఎన్) పాతదే కొనసాగించండి, కొత్తది తెరవనివ్వద్దు.

అనుభవం చూపించి ఉద్యోగం ఇప్పిస్తామని కన్సల్టెన్సీలు డబ్బు అడుగుతున్నాయి. ఇవ్వవచ్చా?

ఇవ్వవద్దు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం కొనడం ఎవరికైనా ప్రమాదమే, మీకు మాత్రం రెండింతలు. ఇక్కడి కంపెనీ నేపథ్య పరిశీలనలో పీఎఫ్ ఖాతా చూస్తే బయటపడుతుంది. అంతకన్నా ముఖ్యం, వీసా దరఖాస్తులో మీ ఉద్యోగ చరిత్ర రాయాలి. బయోడేటాలో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంటే ఏది అబద్ధమని అధికారి అడుగుతారు. భర్తతో కలిసి బతకడానికి వేసిన దరఖాస్తును ఒక దొంగ కాగితం కోసం పణంగా పెట్టకండి.

ఎలాంటి కంపెనీ చూసుకుంటే మంచిది?

అమెరికాలో కార్యాలయం ఉన్నది. నగరంలో విదేశీ సంస్థల సొంత కేంద్రాలు మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట దాకా విస్తరించాయి. వాటిలో ఏడాది, రెండేళ్లు మంచి పేరు తెచ్చుకుంటే, వలస వీసా వచ్చాక అదే సంస్థలో అక్కడికి బదిలీ అడగవచ్చు. మీకు అప్పటికి పని హక్కు ఉంటుంది కనుక కంపెనీ స్పాన్సర్ చేయనక్కరలేదు. హెచ్-4 ఆలస్యమవుతున్నవారికి ఇంకో తలుపూ ఉంది: గత మూడేళ్లలో కనీసం ఏడాది నిరంతరంగా ఆ సంస్థలో విదేశంలో పనిచేసినవారిని ఎల్-1 అనే కంపెనీ బదిలీ వీసా మీద పంపే వీలుంటుంది. పంపుతారో లేదో సంస్థ ఇష్టం.

ప్రయాణం తేలిక అనుకోకండి. ఎల్బీ నగర్ వైపు ఇల్లున్నవారు మెట్రోలో అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరాలి, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ వైపు బస్సో షేర్ ఆటోనో కంపెనీ క్యాబో. ఉప్పల్, పోచారం వైపు ఉద్యోగం దొరికితే తూర్పు వైపువారికి జీవితం సుఖంగా ఉంటుంది. ఆధార్‌లో చిరునామా తెలంగాణకు మార్చుకున్న మహిళలకు 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బెంగళూరు చిరునామాతో ఉన్న ఆధార్ అక్కరకు రాదు.

భర్త పంపే డబ్బుకు పన్ను ఉంటుందా?

భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకున్న డబ్బు మీద తీసుకున్నవారికి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీని మాత్రం ఇచ్చినవారి ఆదాయంలో కలిపి లెక్కిస్తారు. మీ జీతం పూర్తిగా మీదే. అమెరికాలో ఆయన ఇద్దరి పేరా కలిపి రిటర్ను వేయాలనుకుంటే మీకు ఐటిన్ అనే అమెరికా పన్ను సంఖ్య తీసుకోవాలి, అప్పుడు మీ హైదరాబాద్ జీతం కూడా ఆ రిటర్నులో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు మినహాయింపు అడగవచ్చు. కలిపి వేస్తే లాభమా నష్టమా ఆడిటర్‌తో లెక్క వేయించండి, ఊరికే ఎవరో వేశారని వేయవద్దు.

పంపిన డబ్బు రసీదులు, వచ్చిన ప్రయాణాల టికెట్లు, కలిసి ఉన్న ఫొటోలు భద్రపరచండి. పెళ్లి నిజమైనదని చూపడానికి ఇవే సాక్ష్యాలు.

మీ జీతం పడే ఖాతా మీ పేరనే ఉండనివ్వండి. ఇది అపనమ్మకం వల్ల చెప్పే మాట కాదు. సముద్రాల అవతల ఉన్న మనిషి సంతకం కోసం ఏ అవసరమూ ఆగిపోకూడదు.

నేనే విదేశం నుంచి తిరిగి వచ్చాను. ఎన్ఆర్ఈ ఖాతా అలాగే ఉంచుకోవచ్చా?

ఉంచకూడదు. ఉద్యోగం కోసం తిరిగి వచ్చినవారు బ్యాంకుకు చెప్పి ఖాతాను స్థానిక ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ కరెన్సీలో ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా ఉంది. పన్ను కోసం మీరు నివాసి అవుతారా లేదా అన్నది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఇక్కడ ఎన్ని రోజులున్నారన్న దాన్నిబట్టి తేలుతుంది. 182 రోజులు, అంతకుమించి ఉంటే నివాసే.

ఆరోగ్య బీమా?

కంపెనీ బీమాతో సరిపెట్టుకోవద్దు, ఉద్యోగం మానిన రోజే అది ఆగిపోతుంది. విడిగా చిన్నది ఒకటి తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ లేదు.

ఇక్కడ ఉండగా బిడ్డ పుడితే?

తండ్రి గ్రీన్ కార్డు వారైతే బిడ్డను మీ ఎఫ్2ఏ దరఖాస్తులోనే చేర్చవచ్చు, వెంటనే నేషనల్ వీసా సెంటర్‌కు తెలియజేయాలి. తండ్రి అమెరికా పౌరులై, బిడ్డ పుట్టకముందు అక్కడ మొత్తం 5 ఏళ్లు, అందులో 14 ఏళ్ల వయసు దాటాక 2 ఏళ్లు ఉండి ఉంటే బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరులు కావచ్చు. అప్పుడు వీసా కాదు, కాన్సులేట్‌లో జననం నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకుంటారు. ప్రసూతి సెలవు చట్టప్రకారం 26 వారాలు. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. వీసా కోసం పిల్లల్ని వాయిదా వేయాలా అని అడుగుతారు. ఆ నిర్ణయం మీ ఇద్దరిది, మీ వైద్యురాలితో మాట్లాడి తీసుకోవలసినది. వీసా బులెటిన్ చూసి మాత్రం తీసుకోకండి.

పెద్ద పిల్లలతో వచ్చాను. బడి సంగతి?

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లోనూ తెలుగు నేర్పాలి. బెంగళూరులోనో దుబాయిలోనో తెలుగు రాత నేర్చుకోని పిల్లలకు మొదటి నెలలు కష్టంగా ఉంటుంది. తాతయ్య, అమ్మమ్మ ఉన్న ఇంట్లో రోజూ అరగంట కూర్చోబెడితే ఏడాదిలో చదివేస్తారు. అమెరికా వెళ్లాక ఈ అవకాశం మళ్లీ దొరకదు.

నేను మగవాణ్ణి. భార్య అక్కడ, నేను ఇక్కడ. నా పరిస్థితి వేరా?

నిబంధనల్లో తేడా లేదు. ఇంట్లో, వీధిలో తేడా ఉంది. భర్త కోసం ఎదురుచూసే భార్యను జాలిగా చూస్తారు, భార్య కోసం ఎదురుచూసే భర్తను చేతకానివాడిలా చూస్తారు. ఇది అన్యాయం, గట్టిగా చెబుతున్నాను. ఆమె సంపాదిస్తోంది, ఆమె స్పాన్సర్ చేస్తోంది, మీరిద్దరూ ఒక కాపురం నిలబెట్టుకుంటున్నారు. మీ నాన్నగారు ‘అల్లుడు ఏం చేస్తున్నాడని వియ్యంకులు అడుగుతున్నారు’ అంటే సిగ్గుపడి తొందరపాటుగా ఏదో ఉద్యోగంలో చేరకండి. మీ అర్హతకు తగినదే వెతకండి. ఇలాంటి స్థితిలో ఉన్న మగవాళ్లు ఎవరితోనూ చెప్పుకోరు. కనీసం ఒక స్నేహితుడితో చెప్పండి.

‘ఇంకా వెళ్లలేదా?’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

‘దరఖాస్తు నడుస్తోంది పిన్నీ, ఈలోగా ఫలానా చోట చేస్తున్నాను’ అని చెప్పి ఉద్యోగం గురించి మాట్లాడండి. రెండో వాక్యం ఉంటే మొదటి వాక్యం మీద ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. అమ్మను కూడా ఇదే చెప్పమనండి. మీకన్నా ఎక్కువ ప్రశ్నలు ఆమెకే ఎదురవుతాయి, బోనాలకూ బతుకమ్మకూ శ్రావణ శుక్రవారం పేరంటాలకూ వెళ్లేది ఆమే.

చిలుకూరు వెళ్లాలా అనీ అడుగుతారు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక 108 చేస్తారు. అక్కడ హుండీ ఉండదు. నేను వెళ్లాను, నాలాంటివాళ్లు అంతమంది ఒకే దిశలో నడుస్తుంటే ధైర్యం వచ్చింది.

అక్కడ ఆయన ఉద్యోగం పోతే మా కేసు ఏమవుతుంది?

హెచ్-1బీ అయితే 60 రోజుల్లోపు వేరే కంపెనీ చూసుకోవాలి లేదా వేరే మార్గం వెతకాలి, మీ హెచ్-4 ఆయన హోదా మీదే ఆధారపడి ఉంటుంది. గ్రీన్ కార్డు వారు, పౌరులు అయితే ఐ-130 పోదు. ఐ-864లో చూపవలసిన ఆదాయం మాత్రం తగ్గకూడదు. ఆ కుటుంబ సంఖ్యకు పేదరిక ప్రమాణంలో 125 శాతం ఉండాలి. లేకపోతే అక్కడ స్థిరపడిన అన్నయ్యో స్నేహితుడో సహ హామీదారుగా సంతకం చేయవచ్చు. మీ ఉద్యోగం ఇక్కడ ఉండటం విలువ ఏమిటో అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది.

రాజీనామా ఎప్పుడు ఇవ్వాలి?

వీసా ముద్రించిన పాస్‌పోర్టు చేతికి వచ్చాకే. ఇంటర్వ్యూ తేదీ వచ్చిందనో, అధికారి నవ్వారనో ఇవ్వవద్దు. ఇంటర్వ్యూ తర్వాత అదనపు పరిశీలన పేరుతో ఫైలు ఆగిపోవచ్చు. వలస వీసా సాధారణంగా గరిష్ఠంగా 6 నెలలు చెల్లుతుంది, వైద్య పరీక్ష తేదీని బట్టి అది తగ్గవచ్చు. 90 రోజుల నోటీసు ఉన్నా చాలావరకు సరిపోతుంది. వీసా మీద గడువు చూసి, నోటీసు రోజులు లెక్కపెట్టి, ఆ తర్వాతే టికెట్టు కొనండి.

బయలుదేరే ముందు గ్రీన్ కార్డు ముద్రణ రుసుము ఆన్‌లైన్‌లో కట్టండి. అమెరికాలో దిగినప్పుడు మీ వీసా మీద వేసే ముద్ర ఏడాదిపాటు గ్రీన్ కార్డుతో సమానం, కార్డు పోస్టులో వచ్చేలోపే ఉద్యోగంలో చేరవచ్చు. దిగిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతులతో కూడిన కార్డు ఇస్తారు, దాని గడువుకు ముందు 90 రోజుల్లో షరతులు తొలగించమని ఐ-751 దరఖాస్తు వేయాలి. ఆ తేదీని ఇద్దరి ఫోన్లలోనూ నమోదు చేసి పెట్టుకోండి.